ప్రహ్లాదుడు కోరిన వరము

ఒంగోలు సీమలో మాల్యాద్రి, మాలకొండయ్య యను పేర్లు వినబడని గ్రామము అరుదు. కందుకూరు ప్రాంతమున వలేటివారిపాలెము సమీపమున వెలసిన మాలకొండ లక్ష్మీనృసింహస్వామికి మ్రొక్కుకొన్న పిమ్మట కలిగిన బిడ్డకు ఆ స్వామి పేరే పెట్టుకొనుట అచటి కుటుంబములలో తరతరముల ఆచారము. ఆ కొండమీది ఆలయము వారమునకొక్క శనివారమునాడే తెరువబడును. తక్కిన ఆరు దినములు దేవతలును ఋషులును స్వామిని సేవింతురనియు, శనివారము మానవుల వంతు అనియు స్థలపురాణము చెప్పును. అగస్త్యమహర్షి ఆ కొండపై తపమొనర్చి స్వామిని ప్రత్యక్షము చేసికొనెనని పెద్దల మాట.

వారమున కొక్కసారి లభించెడి ఆ దర్శనమునకు వచ్చువారి మనస్సులలో ఏమి యుండును? ఒకరికి వాన కావలెను. ఒకరికి మిరపకాయకు ధర కావలెను. ఒకరి కుమార్తెకు సంబంధము కుదురవలెను. ఒకరు కోర్టు వ్యాజ్యము గట్టెక్కవలెనని మ్రొక్కుకొందురు. పొత్తిళ్లలోని బిడ్డ జ్వరము తగ్గవలెనని ఒక తల్లి కొంగున ముడుపు కట్టుకొని వచ్చును. అద్దంకి సమీపమున సింగరకొండపై నృసింహస్వామిని, కొండ దిగువన ప్రసన్నాంజనేయస్వామిని సేవించుకొనువారి కోరికలును, మార్కాపురము చెన్నకేశవస్వామి కోవెలకు వచ్చువారి కోరికలును ఇట్టివే.

ఇచట శ్రద్ధగల వైష్ణవ గృహములలో తరచుగా ఒక సందేహము తలయెత్తుచుండును. ప్రపన్నుడైనవాడు భగవంతుని భగవంతునికొరకే కోరవలెను గాని మరియొక దానికొరకు కోరరాదని ఆచార్యులు బోధించిరి. అట్లయినచో వాన కొరకు, ధర కొరకు, బిడ్డ ఆరోగ్యము కొరకు స్వామిని ప్రార్థించుట తప్పగునా? తప్పు కానిచో ఆచార్యుల బోధ యేమగును? ఈ సందేహము పండితగోష్ఠికి మాత్రమే సంబంధించినది కాదు. చేతులు జోడించి సన్నిధిలో నిలిచినపుడు ఏమి అడుగవలెనో తెలియక తడబడిన ప్రతివారిదియును.

ముందుగా అడిగెడివారి స్థితిని తెలిసికొనుట న్యాయము. ఒంగోలు, గుంటూరు మైదానములలోని నల్లరేగడి నేలలు పత్తికి, మిరపకు, పొగాకునకు పేరుపొందినవి. ఆ పంటలు డబ్బు తెచ్చును. కాని అవి తిండిగింజలవంటివి కావు. ధర పడిపోయినచో ఇంట వండుకొని తినుటకు పనికిరావు. మిరపనారు పోసిననాటినుండి కాయ ఎర్రబడి కోతకు వచ్చువరకు రైతు పెట్టుబడి పెట్టుచునే యుండును. కోసిన కాయను కల్లములో ఆరబెట్టిన తరువాత నొక్క అకాలవర్షము కురిసినచో రంగు చెడి తాలుకాయగును. మార్కెట్టు యార్డునకు చేరునప్పటికి ఏడాది కష్టము ఒక ఉదయపు బేరములో తేలిపోవును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కృష్ణాడెల్టాలో దివిసీమను ముంచివేయగా, ఆ గాలివాన గుంటూరు, ప్రకాశము జిల్లాల పైరులనుకూడ నేలకూల్చినది. 1987-88 ప్రాంతమున తెల్లదోమ పత్తిచేలను పీల్చివేసినపుడు ఈ రెండు జిల్లాలలో అప్పులు తీర్చలేక కొందరు రైతులు ప్రాణములు తీసికొనిరి. ఇట్టి నేలపై బ్రతుకువాడు ఆకాశమువంక చూచి స్వామీ యని పిలిచినచో దానిని లోభమని పేర్కొనుట సులభము కాదు.

గీతాచార్యుడును దానిని లోభమని పేర్కొనలేదు. తన్ను సేవించు పుణ్యాత్ములు నాలుగు తెరగులవారని ఆయన సెలవిచ్చెను. కష్టములోపడి మొరపెట్టు ఆర్తుడు, తెలిసికొనగోరు జిజ్ఞాసువు, సంపద నర్థించు అర్థార్థి, తత్త్వమెరిగిన జ్ఞాని. వీరిలో జ్ఞాని తనకు మిక్కిలి ప్రియుడని చెప్పినను, తక్కిన మువ్వురను త్రోసిపుచ్చలేదు. అందరును ఉదారులేయని పలికెను. ఇచట భగవద్రామానుజులు తమ గీతాభాష్యములో చేసిన వ్యాఖ్య ఎంతయు మననము చేయదగినది. ఉదారుడనగా దాత. అడుగుటకు వచ్చినవాడు దాత యెట్లగును? తనయొద్ద ఏ కొంచెమైనను స్వీకరించువారు తనకు సర్వస్వమును ఇచ్చినవారని భగవంతుడు భావించునని రామానుజుల తాత్పర్యము. తల్లి ఇంటికి వచ్చిన కుమారుడు గ్లాసెడు మజ్జిగ అడిగి త్రాగినచో, ఇచ్చినది తల్లియైనను సంతోషము దక్కినది ఆమెకే గదా. లోకములో మరియొకరి గడప త్రొక్కక తన గడపకు వచ్చినాడన్న సంబరముతో స్వామి ఆ యాచకునే దాతగా లెక్కించుచున్నాడు.

కావున మాలకొండ మెట్లెక్కెడి రైతు కోరికతో వచ్చుటలో దోషము లేదు. ఆ కోరిక సన్నిధిలో ఏమగును అన్నదియే ఆలోచింపవలసినది.

దీనికి సమాధానము వెదకుటకు ఒంగోలు సీమవారు దూరము పోనక్కరలేదు. కవిత్రయములో మూడవవాడైన ఎఱ్ఱాప్రగడ ఈ సీమవాడే. గుడ్లూరు ఆయన నివాసమని సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. 14వ శతాబ్దిలో అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యమును స్థాపించి, శ్రీశైల అహోబల క్షేత్రములకు సోపానములు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానమున ఆయన వెలుగొందెను. నన్నయ భట్టారకుడు ఆంధ్రమహాభారతములో అసంపూర్ణముగా విడిచిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించెను. హరివంశమును తెనిగించి వేమారెడ్డికి అంకితమిచ్చెను. నృసింహపురాణమును రచించి అహోబల నృసింహునికి సమర్పించెను. శంభుదాసుడను బిరుదము వహించిన కవి నృసింహుని కథను అంత ఇష్టముతో చెప్పుట ఈ సీమలోని సామరస్యమునకు నిదర్శనము.

ఆయన తెనుగున చెప్పిన కథలలో వరములు అడిగెడి ఘట్టములు మూడు ముఖ్యముగా కనబడును. అరణ్యపర్వశేషములోని సావిత్రి కథ, యక్షప్రశ్నల కథ, నృసింహపురాణములోని ప్రహ్లాదుని కథ. మూడింటను అడుగుట అను విద్య కలదు.

సావిత్రి కథ ఇంటింట తెలిసినదే. భర్త ప్రాణములు పాశమున చిక్కియుండగా ఆమె యముని వెంట నడచినది. వరము కోరుకొమ్మనగానే ఆమె మొదట అడిగినది అంధుడైన మామగారికి చూపు. తరువాత ఆయన కోల్పోయిన రాజ్యము. ఆ తరువాత కొడుకులు లేని తన తండ్రికి సంతానము. తన హృదయమును పిండుచున్న కోరిక ఒకటియైయుండగా ఇతరుల కోరికలను ముందుంచినది. ఇది యుక్తియని కొందరందురు. యుక్తియు కావచ్చును. అయినను అంతటి దుఃఖమున ముసలివాని కన్నులు జ్ఞప్తికి వచ్చుట యుక్తిచేత మాత్రము జరుగదు.

యక్షుని సరస్సువద్ద ధర్మరాజు నిలిచిన ఘట్టము మరింత లోతైనది. నలువురు తమ్ములును నీటి యొడ్డున విగతజీవులై పడియున్నారు. ప్రశ్నలకు సమాధానము చెప్పిన పిమ్మట ఒక్కరిని బ్రతికింతును, ఎవరు కావలెనో చెప్పుమని యక్షు డడిగెను. రాబోవు యుద్ధమును తలచినచో భీముడో అర్జునుడో కావలెను. ధర్మరాజు నకులుని కోరెను. కుంతికి తానొక్కడు మిగిలినాడు, మాద్రికిని ఒక్క బిడ్డ మిగులవలెనని ఆయన కారణము. యక్షరూపముననున్న ధర్మదేవత సంతసించి నలువురను లేపెను.

సాధారణముగా కథ ఇంతటితో ఆపి చెప్పుదురు. కాని తరువాతి భాగమే ఈ విషయమునకు ఎక్కువ ఉపకరించునది. ధర్మదేవత ఇంకను వరములు కోరుమనెను. ధర్మరాజు మొదట అడిగినది ఒక బ్రాహ్మణుని అరణి. లేడి కొమ్ములకు చిక్కుకొని పోయిన ఆ అగ్నిహోత్రసాధనము కొరకే అన్నదమ్ములు అడవిలో పరుగెత్తి అలసి ఆ సరస్సు చేరిరి. అంతటి ఆపద గడచిన తరువాతను ఇచ్చిన మాట ఆయన మరువలేదు. రెండవది అజ్ఞాతవాసమున తమ్మును ఎవరును గుర్తింపకుండుట. ఇది తమ అవసరము. దానిని అడుగుటకు ఆయన సిగ్గుపడలేదు. మూడవ వరము కోరుమనగా లోభమును, మోహమును, క్రోధమును తాను గెలువవలెననియు, తన మనస్సు ఎల్లప్పుడును దానమునందు, తపమునందు, సత్యమునందు నిలిచియుండవలెననియు కోరెను. మొదట పరుని వస్తువు, తరువాత తన అవసరము, చివరకు తన మనస్సు. అడుగుచు అడుగుచు ఆయన కోరిక బయటినుండి లోపలికి వచ్చినది. అవసరములు తీరిన తరువాతనైనను అడుగుటకు ఏదో యొకటి మిగిలియుండుననియు, అది కోరికలు పుట్టెడి చోటే అనియు దీనివలన తెలియును.

లోకములో ఇందుకు భిన్నముగా జరుగుటయు కలదు. ధ్రువుని చూడుడు. అయిదేండ్ల పసివాడు. తండ్రి తొడపై కూర్చుండబోగా సవతితల్లి ఈసడించినది. ఆ అవమానముతో అడవికి పోయి, ఎవరికిని దక్కని పదము కావలెనని తపము చేసెను. స్వామి ప్రత్యక్షమై శంఖముతో చెక్కిలి స్పృశింపగనే వాక్కు పొంగి స్తోత్రము వెలువడినది. కోరిన పదము లభించినది. అయినను ఇంటికి తిరిగి వచ్చుచు ధ్రువుడు సంతోషింపలేదని భాగవతము చెప్పును. మోక్షప్రదుని ఎదుట నిలిచి నశించెడిదానిని అడిగితినే యని పరితపించెను. ఆయన కోపముతో అడిగిన కోరిక, దర్శనమైన క్షణముననే ఆయనకు చిన్నదైపోయినది. కాని నోట వెలువడిన కోరికను స్వామి మన్నించి తీర్చెను. భక్తుడు తన కోరికను చిన్నదిగా గుర్తించినను స్వామి దానిని చిన్నదని తీసివేయకుండుట గమనింపదగినది.

కుచేలుని కథలో ఇదే విషయము మరియొక రీతిని కనబడును. ఇల్లాలు పంపగా అడుగుటకు బయలుదేరిన కుచేలుడు, బాల్యమిత్రుని కౌగిలిలో అడుగవలసిన సంగతియే మరచిపోయి, వట్టి చేతులతో తిరిగి వచ్చుచు స్వామి చూపిన ఆదరమునే తలచి ఆనందించెను. ఆయన నిస్పృహను పౌరాణికులు వేనోళ్ల కొనియాడుదురు. ఆ ఇల్లాలిని గూర్చి చెప్పువారు తక్కువ. ఆకలిని కంటితో చూచుచున్నది ఆమె. పొరుగువారి ఇండ్లకు పోయి నాలుగు పిడికిళ్ల అటుకులు యాచించి తెచ్చి కొంగుపీలికలో మూటగట్టి భర్త చేతికిచ్చినది ఆమె. అడుగవలెనని చెప్పినదియును ఆమెయే. స్వామి తీర్చినది ఆమె ప్రార్థననే. కుచేలుని మౌనమునకు ఎంత మన్నన జరిగినదో, ఆ ఇల్లాలి అభ్యర్థనకును అంత మన్నన జరిగినది. ఆ అటుకులను పెట్టిన పొరుగువారు ఎవరో పురాణము చెప్పలేదు గాని, స్వామి నోటికి చేరినది వారింటి గింజయే.

ఇక ప్రహ్లాదుని కథ. భాగవతమున ఈ కథ ప్రసిద్ధము. హిరణ్యకశిపుని సంహరించిన నృసింహుని క్రోధము చల్లారక, బ్రహ్మాదులును సమీపింపజాలక యుండగా బాలుడు ముందుకు పోయి పాదములపై పడెను. స్వామి శాంతించి వరము కోరుకొమ్మనెను. ప్రహ్లాదుడు వెనుకాడెను. స్వామివద్ద వరముల నాశించి సేవించువాడు భృత్యుడు కాడు, వర్తకుడు మాత్రమేయని విన్నవించెను. అయినను ఇచ్చి తీరవలెనన్నచో తన హృదయమున కోరికలు మొలకెత్తకుండునట్లు అనుగ్రహింపుమనెను.

వర్తకుడన్న మాట ఒంగోలు సీమవారికి సూటిగా తగులును. సరకు పెట్టి, ధర అడిగి, తూకము చూచి, సొమ్ము పుచ్చుకొనుట వారి నిత్యజీవనము. ధర కుదరనిచో సరకు తిరిగి తీసికొనిపోవుట వర్తకమున న్యాయమే. ఆ న్యాయమును సన్నిధికి తెచ్చుటయే ప్రహ్లాదుడు కాదన్నది. కోరిక తీరినచో తలనీలాలిత్తును, తీరనిచో ఈ కొండ మరల ఎక్కను అనునది బేరము. కోరిక తీరిన సంతోషములో ఏదైన సమర్పింపవలెనని మనస్సు ఉబికి మ్రొక్కు చెల్లించుకొనుట బేరము కాదు. రెంటికిని బయటికి కనబడెడి క్రియ ఒక్కటే. సమర్పించిన తలనీలాలును ఒక్కటే. భేదము సమర్పించువానికే తెలియును.

విష్ణుపురాణమున ప్రహ్లాదచరిత్ర కొంత వేరుగా నడచును. భగవద్రామానుజులు తమ గ్రంథములలో ఎంతో గౌరవముతో ప్రమాణముగా గ్రహించిన పురాణమిది. దీనిని చెప్పిన పరాశరమహర్షికి యామునాచార్యులు తమ స్తోత్రరత్నమున నమస్కరించిరి. అందు ప్రహ్లాదుని నాగపాశములతో బంధించి సముద్రమున పడవేసి, పైని పర్వతములు పేర్చుదురు. ఆ నీటి యడుగున బాలుడు అచ్యుతుని స్తుతించుచు తన్మయుడగును. పీతాంబరధారియైన స్వామి ప్రత్యక్షమై వరము కోరుమనును. ఇచట ప్రహ్లాదుడు కోరికలు వద్దని చెప్పలేదు. ఎన్ని వేల జన్మములెత్తినను, ఏ యోనిలో పుట్టినను నీయందు చలింపని భక్తి కావలెనని అడిగెను. అంతటితో ఆగక మరియొక మాట చేర్చెను. వివేకము లేనివారికి విషయభోగములందు ఎట్టి విడువని ప్రీతి యుండునో, నిన్ను స్మరించునపుడు అట్టి ప్రీతియే తన హృదయమును వీడకుండవలెనని వేడెను.

ఈ ప్రార్థనలోని సాహసము వెంటనే తోచదు. ప్రీతి అన్నది చెడ్డదని ప్రహ్లాదుడు చెప్పలేదు. ధనమునందు లోభికి, పిల్లలయందు తల్లికి, మొలకెత్తిన చేనియందు రైతునకు ఉండు ఆ ప్రీతి ఎంత గాఢమైనదో ఆయన ఎరుగును. రాత్రి నిద్రలోను చేను కనబడును. పొద్దు పొడువకముందే కాళ్లు ఆ గట్టువైపే నడచును. ఎవరును ఆజ్ఞాపించనక్కరలేదు, ఎవరును ఉపదేశింపనక్కరలేదు. సరిగా ఆ ప్రీతియే, అంత గాఢముగనే, స్వామియందు కలుగవలెనని ఆయన కోరిక. హృదయమును ఎండగట్టమని ఆయన అడుగలేదు.

రామానుజసిద్ధాంతమున భక్తియనగా ఇదియే. భగవంతుని గూర్చిన జ్ఞానము ప్రీతిరూపమును దాల్చినపుడు దానికి భక్తియని పేరని వేదార్థసంగ్రహమున వారు నిరూపించిరి. తెలిసికొనుటయే ఇష్టమైపోవలెను. తలచుకొనుటయే రుచియైపోవలెను. సుఖము భగవంతునివలన లభించెడి వేరొక వస్తువు కాదు. భగవంతుని అనుభవించుటయే సుఖము. అట్లు చూచినచో ప్రీతి కలుగుటయే ప్రార్థనకు ఫలము. తక్కినవన్నియు దాని వెంట వచ్చినను, రాకున్నను.

గృహస్థునకు ఇది ఎట్లు సాధ్యము? దీనికై అడవికి పోనక్కరలేదు. ధనుర్మాసమున తెల్లవారుజామున ఇల్లు కడిగి, ముగ్గు వేసి, దీపము పెట్టి తిరుప్పావై అనుసంధించుకొను వైష్ణవ గృహములు తెలుగునాట అనేకము. తిరుమలలోను ఆ నెల సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావైని విన్నవింతురు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఆండాళ్ కథను తెనుగున చెప్పినప్పటినుండి గోదాదేవి తెలుగువారి ఇంటి ఆడపడుచే. ముప్పది పాశురములు. ఆ ముప్పదింటిని వరుసగా చదువుకొనిపోవువారికి అందు కోరిక నడచిన దారి కనబడును.

మొదటి దినములలో గొల్లపడుచులు అడిగినదేమి? వాన. మూడవ పాశురమున, ఈ వ్రతమొనర్చినచో నెలకు మూడు వానలు కురియుననియు, పైరు ఏపుగ పెరుగుననియు, చేలనీటిలో చేపలు ఎగురుననియు, ఆవులు కడవలు నిండ పాలిచ్చుననియు గోదాదేవి వర్ణించినది. నాలుగవ పాశురము పూర్తిగా వర్షదేవతకు విన్నపమే. సాగరమున మునిగి నీరు త్రాగి, నల్లనై పైకెగసి, మెరసి, ఉరిమి కురియుమని ఆమె మేఘమును పిలిచినది. జీయర్లు, ఆచార్యులు శతాబ్దములుగా వ్యాఖ్యానించుచున్న పరమార్థగ్రంథములో వానకొరకైన ఈ ప్రార్థనలు ఉన్నవి. ఎవరును వాటిని తొలగింపలేదు. వానను కోరిన మాలకొండ యాత్రికునకు ఇంతకన్న గొప్ప తోడు దొరకదు.

తరువాత చెలులను లేపుదురు. నందగోపుని వాకిట నిలుతురు. నీళాదేవిని పురుషకారముగా ఆశ్రయింతురు. స్వామి మేల్కొని సింహమువలె నడచివచ్చి ఆసనమున కూర్చుండును. వారు మంగళాశాసనము చేయుదురు. వ్రతమునకు కావలసిన శంఖములు, దీపములు, మేలుకట్లు అడుగుదురు. నేతితో చేతులు తడియునట్లు పాలబువ్వ కూడి భుజింతుమందురు. ఇంతవరకు కోరికలు కోరికలుగనే యున్నవి. ఇరువదితొమ్మిదవ పాశురమున మాత్రము, తాము వచ్చినది పఱ యను వాద్యము కొరకు కాదని స్వామితో విన్నవింతురు. ఎన్ని జన్మములకైనను నీతో సంబంధము తెగరాదు, నీకే కైంకర్యము చేయవలెను, ఇవి తప్ప తమలో మిగిలిన కోరికలేవైన నున్నచో వాటిని నీవే మార్చుమని వేడుదురు.

మానివేయుమని కాక మార్చుమని అడిగిరి. కోరికలను తాము చంపుకొని వచ్చితిమని వారు చెప్పుకొనలేదు. వాటిని ఉన్నవి ఉన్నట్లు తెచ్చి, సరిదిద్దు భారమును ఆయనకే అప్పగించిరి. వానను అడిగిన నోటితోనే ఇదియును అడిగిరి. నడుమ ఉన్నది స్వామి వాకిట గడపిన ఇరువదినాలుగు పాశురముల కాలము. ఆచార్యుల బోధకును యాత్రికుని మ్రొక్కునకును మధ్య విరోధమున్నదన్న సందేహము ఇచట వీడును. ఆచార్యులు చెప్పినది ఇరువదితొమ్మిదవ దినమును. యాత్రికు డుండునది నాలుగవ దినమున.

ఇంత చెప్పినను తీరని కోరికల మాట మిగులును. వాన రాని సంవత్సరములు కలవు. బ్రతుకని బిడ్డలు కలరు. తెల్లదోమ వచ్చిన ఏడు ఈ సీమలో మ్రొక్కుకొనని రైతు లేడు. ప్రార్థించియు నష్టపోయినవారి భక్తి తక్కువయనియో, పూర్వజన్మ పాపమనియో వారి ఎదుట తేల్చి చెప్పువారు భాగవతాపచారము చేయుచున్నారు. కుంతీదేవి శ్రీకృష్ణుని దర్శనము నిచ్చును గనుక ఆపదలే మరల మరల రావలెనని కోరినది. అది ఆమె కోరుకొనదగినది. మరియొకరి గాయముపై నిలిచి అతనిని అట్లు కోరుమని చెప్పుట ఎవరికిని తగదు.

సంప్రదాయమున తీరని కోరికను గూర్చిన కథ ఒకటి కలదు. యామునాచార్యులు పరమపదించిన దినమున శ్రీరంగము చేరిన రామానుజులు ఆయన దేహమును చూడగా కుడిచేతి మూడు వ్రేళ్లు ముడుచుకొని యుండెనట. మూడు కోరికలు తీరకనే ఆచార్యులు వెడలిరని గ్రహించి, బ్రహ్మసూత్రములకు భాష్యము రచింతుననియు, పరాశర వ్యాసుల నామములు నిలుపుదుననియు, నమ్మాళ్వారుల దివ్యసూక్తికి వ్యాఖ్యానము వెలయింపజేయుదుననియు రామానుజులు ప్రతిజ్ఞ చేయగా ఒక్కొక్క వ్రేలు విచ్చుకొనెనని గురుపరంపరా చరిత్రములు చెప్పును. అంతటి మహనీయుని ప్రార్థన ఆయన జీవితకాలమున తీరలేదు. మరియొకరి చేతులమీదుగ తీరినది. పరాశరుని నామము కూరేశుల ఇంట పుట్టిన బిడ్డకు పెట్టబడినది. ఆ బిడ్డయే పరాశర భట్టారకులు. నష్టపోయిన రైతు ఇంటికి గంజి పంపిన పొరుగువారును, అప్పు వాయిదాకు ఒప్పుకొన్న షావుకారును, పిల్లవాని చదువు నిలిపిన మేనమామయు తాము ఎవరి ప్రార్థనను తీర్చుచున్నారో ఎరుగకపోవచ్చును. కుచేలుని పొరుగువారును ఎరుగరు.

విష్ణుపురాణములోని ప్రహ్లాదుని కథలో ఇంకొక ఘట్టము చెప్పవలసియున్నది. భక్తిని, ప్రీతిని వరముగా అడిగిన బాలునితో స్వామి, అవి నీకు ఇదివరకే కలవు, ఇకముందును ఉండును, వేరొకటి కోరుకొమ్మనెను. తనకు కావలసినది ముందే దక్కియున్నదని తెలిసినవాడు ఇక ఏమి అడుగును? ప్రహ్లాదుడు తండ్రి కొరకు అడిగెను. నిన్ను స్తుతించినందులకు నన్ను ద్వేషించి, శస్త్రములతో పొడిపించి, అగ్నిలో త్రోయించి, సర్పములచే కరపించి, విషము పెట్టించి, సముద్రమున పడవేయించిన పాపమునుండి నా తండ్రి విముక్తుడు కావలెనని వేడుకొనెను. ప్రీతి నిండిన హృదయమున మొట్టమొదట పుట్టిన కోరిక ఇది. అది తనకొరకు కాదు. తన్ను చంపజూచినవానికొరకు. స్వామి అట్లేయని మరల ఇంకొక వరము కోరుమనగా, కృతార్థుడనైతినని చేతులు మోడ్చెను.

స్వామి అంతర్ధానమైన పిమ్మట బాలుడు తీరమునకు వచ్చి, తిరిగి తండ్రి యింటికే పోయి నమస్కరించెను. అంతవరకు ఆ బాలుని చంపించుటకు ప్రయత్నించిన హిరణ్యకశిపుడు కుమారుని కౌగిలించుకొని, శిరస్సు మూర్కొని, బిడ్డ బ్రతికియున్నాడా యని తడికన్నులతో అడిగెననియు, చేసినదానికి పరితపించి అతనియందు ప్రీతుడయ్యెననియు పరాశరుడు మైత్రేయునకు చెప్పెను. నృసింహావతారము అటుపిమ్మటిది.